తీర్మానమా, స్టాలా, కొనుగోలా: మున్సిపాలిటీని ఏది అడిగితే మేలు?

శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు, మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లు, తిరుపతిలో పచ్చళ్లు, అప్పడాలు చేసే పొదుపు సంఘాల అక్కలు, అందరూ ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. మా పనికి న్యాయమైన ధర దక్కాలంటే మున్సిపాలిటీకి ఇచ్చే అర్జీలో ఏం రాయాలి అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా.

చదువుకున్న కుర్రాళ్లు ఎక్కువగా చెప్పేది తీర్మానం గురించి. ఇంగ్లాండులో గార్‌స్టాంగ్ అనే చిన్న ఊరు 2000లో తనను ప్రపంచంలోనే మొదటి ఫెయిర్ ట్రేడ్ (తయారుచేసినవాళ్లకు న్యాయమైన ధర దక్కేలా చేసే వ్యాపారం) పట్టణంగా ప్రకటించుకుంది, తర్వాత చాలా దేశాల్లో ఊళ్లు అదే బాట పట్టాయి, మన తిరుపతి కూడా అలా ప్రకటిస్తే బాగుంటుంది కదా అంటారు. బాగుంటుంది, కాదనను. కానీ అక్కడి నియమాల్లో మొదటిదాన్ని చాలామంది సగమే చదువుతారు. కౌన్సిల్ తీర్మానం చేస్తే సరిపోదు, తన సమావేశాల్లో, ఆఫీసుల్లో తాగే టీ, కాఫీ కూడా ఫెయిర్ ట్రేడ్‌వే అయి ఉండాలి. అంటే ముందు తాను కొనాలి. ఆ మాట లేని తీర్మానం చప్పట్లతో అయిపోతుంది.

రెండోది స్థలం. 1999లో మొదలైన రైతుబజార్లు దళారీని పక్కనపెట్టి రైతును నేరుగా కూర్చోబెట్టాయి, కూరగాయలకు అది నిజంగా పనిచేసిన పద్ధతి, ఎందుకంటే పొద్దున తెచ్చింది మధ్యాహ్నానికి డబ్బై పోతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల స్థలాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి కాబట్టి పచ్చళ్లు, అప్పడాలు అమ్మే అక్కలు స్థలం అడగడమే మంచిది. కలంకారీకి మాత్రం ఈ లెక్క కుదరదు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, కలంతో బొమ్మ గీసి, ఒక్కో రంగుకీ మళ్లీ ఉతికి ఆరబెట్టే పని అది. స్టాల్లో కూర్చున్న రోజు గీత సాగదు. పక్క షాపులో స్క్రీన్ ప్రింటు గుడ్డ అదే పేరుతో నాలుగో వంతు ధరకు వేలాడుతుంటే ఎంతసేపని బేరం ఆడతారు?

నా ఓటు మూడోదానికి, అంటే మున్సిపాలిటీ తానే కొనడానికి. మన దగ్గర సన్మానం లేని సభ ఉందా? శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు. ఆ శాలువా వెంకటగిరి నేత అయితే, ఆ జ్ఞాపిక కలంకారీ పటమో మాధవమాల బొమ్మో అయితే, ఏడాది పొడవునా ఆర్డర్లు ఉంటాయి. అయితే కొనుగోలు అనగానే టెండరు, టెండరు అనగానే అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే పని, పైగా ముందు ధరావతు కట్టాలి. అలా పెడితే ఆర్డరు వ్యాపారికి పోతుంది, వాడు మళ్లీ మన దగ్గరే కూలి రేటుకు గీయించుకుంటాడు.

అందుకే నేను ధర కంటే ముందు చూసేది డబ్బు ఎప్పుడు వస్తుందనేది. చేతిపనివాడు రేటు తగ్గించేది చాలాసార్లు గతిలేక. గుడ్డకు, రంగులకు అప్పు ఇచ్చినవాడే సరుకూ తీసుకుంటాడు, రేటూ వాడే చెబుతాడు. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ సూత్రాల్లో ఈ సంగతి ఉంది: చేతిపనుల కొనుగోలుదారు, తయారీదారు అడిగితే కనీసం 50 శాతం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ధర ప్రకటిస్తే చాలదనడానికి మామిడే ఉదాహరణ: 2025లో తోతాపురి మామిడికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం కిలోకు 12 అన్నారు. సరుకు తోలాక చేతిలో డబ్బు పడేదాకా ఆ అంకె అంకెగానే ఉంటుందని చిత్తూరు మామిడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎగ్జిబిషన్లు, అవార్డులు వస్తే తీసుకోండి, వాటికోసం అర్జీ పేజీ వృథా చేయకండి. పొదుపు సంఘాలకు బ్యాంకు లింకేజీ రుణాలు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా ఎలాగూ నడుస్తున్నాయి.

కాబట్టి అర్జీలో ఈ మాటలు తప్పకుండా ఉండనివ్వండి: సన్మానాల సామాను నేరుగా తయారీదారుల సంఘాల నుంచే కొనాలి, ధరావతు వద్దు, సగం డబ్బు ఆర్డరుతో పాటే ఇవ్వాలి, మిగతాది సరుకు అందిన 45 రోజుల్లోపు. ఆ 45 రోజులు మనం కల్పించింది కాదు, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టంలో ఉన్న గడువు, దాటితే వడ్డీ కూడా అడగొచ్చు. దానికి ముందుగా చిన్న పరిశ్రమల నమోదుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్లో నమోదై ఉండాలి. నమోదు పూర్తిగా ఉచితం, ఏజెంట్లకు డబ్బులు ఇవ్వకండి.