ఆపిల్‌క్రాస్‌కు ఏ దారి: కొండ మీంచా, తీరం వెంటా?

స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని ఆపిల్‌క్రాస్ ఊరికి కారులో వెళ్లడానికి రెండు దారులున్నాయి. టోర్నప్రెస్ దగ్గర మొదలయ్యే బెలఖ్ నా బా కనుమ దూరం 18 కిలోమీటర్లే. కానీ దాదాపు సముద్రమట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. వాలు కొన్నిచోట్ల 20 శాతం, పైగా హెయిర్‌పిన్ మలుపులు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవారికీ, కారు వెనక తగిలించి లాగే కారవాన్లకూ, పెద్ద బండ్లకూ ఈ దారి వద్దని మొదట్లోనే బోర్డు ఉంటుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగాలి. మేఘం కమ్మితే పైనుంచి స్కై దీవి కాదు కదా, ముందున్న మలుపే కనిపించదు. మంచు పడితే దారి మూసేస్తారు.

షీల్డేగ్ ఊరి నుంచి తీరం వెంట వచ్చే దారి సుమారు 40 కిలోమీటర్లు. నిటారు ఎక్కుళ్లు తక్కువ, గొర్రెలు ఎక్కువ.

రెండూ ఒంటి వరుస రోడ్లే. ఎదురుబండి వస్తే, తప్పుకునే చోటు ఎడమవైపుంటే అందులోకి దిగాలి. కుడివైపుంటే దానికి ఎదురుగా మన వరుసలోనే ఆగాలి. అక్కడ పార్కింగ్ మాత్రం చేయకూడదు.

ఆకాశం తేటగా ఉంటే ఉదయాన్నే కనుమెక్కి, తీరం వెంట తిరిగి రావడం మంచిది. లోపలే పడుకునే వీలున్న క్యాంపర్‌వ్యాన్ అయితే రాకపోకలు రెండూ తీరం మీదే.