66 వేల కిలోమీటర్లు తిరిగాక మా పాత కారు గురించి

మా కారు డ్యాష్‌బోర్డు అరలో ఒక గీతల నోటుపుస్తకం ఉంటుంది. మొదటి సగం నా చేతిరాత కాదు. 2016 ఏప్రిల్ నుంచి 2021 ఫిబ్రవరి వరకు దాని మొదటి యజమాని, మిర్యాలగూడలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్, పోయించిన పెట్రోలు ప్రతి లీటరుకూ లెక్క రాశారు: తేదీ, మీటరు అంకె, ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు. టైర్లలో గాలి కొట్టించిన రోజులు కూడా ఉన్నాయి. ఆయన చివరి వరుసలో 46,300 అని ఉంది. నిన్న నేను రాసిన వరుసలో 1,12,400. ఈ సమీక్షలో అంకెలన్నీ ఆ పుస్తకంలోవే.

బండి ఏ కంపెనీదో రాయడం లేదు. నాలుగు మీటర్లలోపు పొడవుండే డిక్కీ కారు, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, చేత్తో మార్చే గేర్లు. అంతవరకు చాలు. పేరు రాస్తే చదివినవారు ఆ పేరు పట్టుకుని బజారుకు వెళతారు. నేనూ మొదట అలాగే వెళ్లాను. అదే మోడలు, అదే రంగు, అదే 2016లో తయారైన బండ్లు రెండు, వారం తేడాతో చూశాను. ఒకటి కొన్నాను. నేను వదిలేసినది ఎవరు కొన్నారోగానీ, వారిని తలచుకుంటే ఇప్పటికీ జాలిగా ఉంటుంది.

అప్పటికి మా అవసరం ఇది. నల్లగొండలో ఇల్లు, దేవరకొండ రోడ్డులో నేను పనిచేసే బడి, అచ్చంపేటలో అత్తవారిల్లు, నెలకోసారి హైదరాబాదు ఆసుపత్రికి అమ్మ. ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురం. చేతిలో ఐదు లక్షలు. ఇన్నోవా అయితే ఇంటిల్లిపాదీ హాయిగా పడతారు, కానీ ఆ డబ్బుకు నాకు కనిపించినవన్నీ రెండు లక్షల కిలోమీటర్లు దాటినవే. డీజిల్ గురించి కూడా లెక్క వేశాను. ఏడాదికి 13 వేల కిలోమీటర్లు మించి తిరగని మాకు, డీజిల్ బండికి అదనంగా పెట్టే లక్ష రూపాయలు ఇంధనం పొదుపులో తిరిగి రావడానికి ఐదారేళ్లు పట్టేట్టు ఉంది. ఇంజెక్టర్లు, టర్బో జోలికి వెళితే ఆ పొదుపూ మిగలదు. ఢిల్లీ నుంచి చౌకగా తెచ్చిన డీజిల్ బండి ఒకటి ఉందని ఒకాయన ఊరించాడు. అప్పట్లో అక్కడ పదేళ్లు నిండిన డీజిల్ బండ్లపై ఆంక్షలుండేవి కాబట్టి తక్కువకు వచ్చేవి. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తెప్పించడం, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ అన్నీ కలిపితే ఆ చౌక కాస్తా కరిగిపోతుంది.

మొదటి బండి ఎల్బీనగర్ వైపు ఒక బ్రోకరు దగ్గర చూశాను. మీటరులో 38 వేలు. ధర మేము చివరికి కొన్నదానికంటే 60 వేలు తక్కువ. అద్దంలా మెరుస్తోంది, లోపల మల్లెపూల సెంటు ఘుమఘుమ. మా ఆవిడకు నచ్చింది, నాకు మరీ నచ్చింది. పానగల్లు రోడ్డులో మా నాన్న కాలం నుంచి తెలిసిన మెకానిక్ ఉన్నాడు, ఆయనను వెంట తీసుకెళ్లడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. ఆయన ఇంజను వైపు వెళ్లనే లేదు. వెనక సీటులో కూర్చుని సీటు బెల్టును చివరంటా బయటకు లాగాడు. పైన మూరెడు బెల్టు నల్లగా, శుభ్రంగా ఉంది. రోజూ లోపల చుట్టుకునే ఉండే చివరి భాగంలో మాత్రం మట్టిరంగు చార అడ్డంగా గీత గీసినట్టు ఉంది. తర్వాత డిక్కీలో చాప ఎత్తి, స్టెప్నీ తీసి, దాని కింద గుంతలో వేలు పెట్టి రుద్దాడు. వేలికి మెత్తటి ఒండ్రు అంటింది, చెరువు ఎండాక అడుగున మిగిలే మట్టిలాంటిది.

“సార్, ఈ బండి నీళ్లు తాగింది” అన్నాడు.

అది 2021 జనవరి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో కాలనీలకు కాలనీలే మునిగాయి, వేల ఇళ్ల ముందు కార్లు నీళ్లలో నిలబడ్డాయి. వాటిలో కొన్ని మూడు నెలలకు ఇలా సెంటు పూసుకుని అమ్మకానికి వచ్చాయన్నమాట. పైన పటారం, లోన లొటారం. ఇంజను ఆరబెడితే తిరుగుతుందేమోగానీ, సీట్ల కింద పోయే వైర్ల కనెక్షన్లకు పట్టిన తుప్పు ఏడాదికి ఒకటి చొప్పున బయటపడుతుంది. బ్రోకరును అడిగితే “వాషింగ్‌లో తడిసి ఉంటుంది సార్” అన్నాడు. సీటు బెల్టు లోపలి చుట్టలోకి మట్టి వెళ్లేలా కడిగే వాషింగ్ సెంటరు ఎక్కడుందో నేను అడగలేదు.

రెండోది మిర్యాలగూడ లెక్చరర్ గారిది. వస్తున్నామని ముందే ఫోను చేసి, బండి స్టార్ట్ చేయకుండా ఉంచమని మెకానిక్ చెప్పించాడు. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు, చల్లగా ఉంది. వేడెక్కిన ఇంజను తన జబ్బులు దాచుకుంటుందని, పొద్దున మొదటిసారి తిప్పినప్పుడే దాని అసలు గొంతు వినిపిస్తుందని ఆయన అంటాడు. ముందు చక్రాల పైనుండే ఫెండర్ రేకుల బోల్టుల మీద రంగు చెదరలేదు, అంటే ఆ రేకులు ఎప్పుడూ ఊడదీయలేదు. స్టెప్నీ మీద నాలుగంకెల తేదీ 0816 అని ఉంది: 2016లో ఎనిమిదో వారం. రిజిస్ట్రేషన్ ఏప్రిల్‌లో అయింది కాబట్టి అది బండితో పాటు వచ్చిన టైరే. పెడళ్ల రబ్బరు మీద గీతలు ఇంకా అరగలేదు. 46 వేల మీటరును నమ్మడానికి ఇవి చాలు. అయినా షోరూములో బండి నంబరు చెప్పి సర్వీసు చరిత్ర తీయించుకున్నాం. నోటుపుస్తకంతో సరిపోయింది.

రేడియేటర్ మూత తీసినప్పుడు మాత్రం ఆయన ముఖం చిట్లించాడు. లోపల తెల్లటి పొర కట్టి ఉంది. “కూలెంట్ బదులు బోరు నీళ్లు పోశారు. కొన్నాక మొదట ఇది శుభ్రం చేయించండి” అన్నాడు. సరే అన్నాను. చేయించలేదు.

లెక్చరర్ గారు నాలుగు లక్షల తొంభై చెప్పి నాలుగు అరవైకి ఇచ్చారు. ఆ ముప్పై వేలు తగ్గించడానికి నేను అడిగిన ప్రశ్నలకంటే ఆయన నన్ను అడిగినవే ఎక్కువ. “బండి ఎండలో పెడతారా? క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటుందా? బావమరుదులకు ఇస్తారా?” పిల్లనిచ్చేటప్పుడు కూడా మా మామగారు ఇన్ని అడగలేదు. ఇలా అడిగే మనిషి దగ్గర కొనడమే నాకు సగం గ్యారంటీ అనిపించింది. మోడల్ కంటే దాన్ని వాడిన చెయ్యి ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది, ఈ ఐదేళ్లలో ఆ అభిప్రాయం మారలేదు.

కాగితాల పని పెద్దగా ఏడిపించలేదు. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు సరిపోయాయి. ఆయన బ్యాంకు అప్పు ఎప్పుడో తీర్చి, ఆర్‌సీలో ఆ నమోదు కూడా తీయించేశారు కాబట్టి అందుకు వాడే 35వ ఫారం అవసరం రాలేదు. ఇన్సూరెన్స్ మన పేరుకు మార్చమని 14 రోజుల్లోగా అడగాలి. క్లెయిమ్ చేయకుండా ఉన్నందుకు ప్రీమియంలో పాత యజమాని సంపాదించుకున్న తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే వెళ్లిపోతుంది, బండితో రాదు. చలాన్లు ముందే చూసుకున్నాం. నేను మరిచింది ఫాస్టాగ్. మార్చిలో హైదరాబాదు వెళుతూ పంతంగి టోల్ దాటిన పది నిమిషాలకు లెక్చరర్ గారు ఫోను చేశారు. “మీరు క్షేమంగా చౌటుప్పల్ చేరినట్టున్నారు, నా ఖాతాలో డబ్బులు పోయాయి” అన్నారు. తిరిగి వచ్చాక ఆయన ఇంటికి వెళ్లి డబ్బులిస్తే తీసుకోలేదు. టీ ఇచ్చి, ట్యాగు రద్దు చేయించుకున్నారు. ఆ తర్వాతే నాకు కొత్తది వచ్చింది.

ఇంకా ఉమ్మడి రాష్ట్రం నాటి మన జిల్లా ఏపీ 24 నంబరుతో తిరిగే పాత బండి ఏదైనా చూస్తుంటే, ఆర్‌సీ మీద గడువు తేదీ చూడండి. 2010, 2011 నాటివి 15 ఏళ్లు నిండి రెన్యువల్‌కు వచ్చేశాయి. ధరలో ఆ ఖర్చు తగ్గించమని అడగవచ్చు.

ఇక శ్రీశైలం సంగతి. 2022 మే, పిల్లల సెలవులు. దేవరకొండ, డిండి మీదుగా పొద్దున్నే బయలుదేరి, మన్ననూరు దాటి అడవిలోంచి చల్లగా వెళ్లాం. దర్శనం బాగా అయింది. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడింటికి. కృష్ణ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే, ఏసీ నిండుగా, బండిలో ఐదుగురం, డిక్కీలో అమ్మ కొన్న ఇత్తడి సామాను. రెండో గేరులో మలుపు తిప్పుతూ చూస్తే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. ఏసీ ఆపాను, కిటికీలు దించాను, చివరికి కాస్త వెడల్పున్న చోట పక్కన పెట్టాను. బానెట్ ఎత్తగానే పిల్లలు నీళ్ల సీసా తీసుకుని పరుగెత్తుకొచ్చారు, వాళ్లను ఆపడం ఒక పని. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖానికి చిమ్ముతాయి. ముప్పావుగంట కోతులను చూస్తూ కూర్చున్నాం. రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేస్తారన్న భయం ఒకవైపు. చల్లారాక నీళ్లు నింపి, ఏసీ లేకుండా, హీటరు వేసుకుని నడిపాను. మే నెలలో హీటరు! ఇంజను వేడిని అది కొంత లాగుతుందని మెకానిక్ ఫోనులో చెప్పాడు. అమ్మ మాత్రం ఇది దేవుడు పెట్టిన పరీక్ష అంది. పరీక్ష పెట్టింది దేవుడు కాదు, పదిహేను నెలలుగా నేను వాయిదా వేసిన పని.

మన జిల్లా బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. కుండలో, గీజరులో తెల్లగా పేరుకునే సున్నమే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. రేడియేటర్, థర్మోస్టాట్, కూలెంట్ కలిపి 7,800 అయింది. సమయానికి శుభ్రం చేయించి ఉంటే వెయ్యితో పోయేది. నోటుపుస్తకం వెనక్కి తిప్పితే లెక్చరర్ గారి చేతిరాతలో “రేడియేటర్‌లో నీళ్లు పోయించాను” అని మూడు చోట్ల కనిపించింది. పాపం, దాచలేదు, రాసే పెట్టారు.

మిగతా ఖర్చులు చిన్నవి. నాలుగు టైర్లు 18,400. సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు 11,200, యాసంగి కోతలప్పుడు రోడ్డుకు సగం ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటే మిగతా సగంలోని గుంతలన్నీ మనవే. బ్యాటరీ 4,900. ఏసీ గ్యాసు కారితే 6,500. రైస్ మిల్లు పక్కన బంధువుల ఇంట్లో రెండు రాత్రులు పెడితే ఎలుకలు వైర్లు కొరికాయి, 2,300. ఏడు సర్వీసులకు 35 వేలు. పెట్రోలు, ఇన్సూరెన్స్ తీసేస్తే ఐదేళ్లలో మొత్తం 86,100. నడి రోడ్డులో ఆగిపోయింది ఘాట్‌లో ఆ ఒక్కసారే.

మైలేజీ ఊళ్లో 14, విజయవాడ హైవే మీద 19, సగటున 17 ఉండేది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక, గత ఏడాదిగా, సగటు 16కు దిగింది. అది ఇథనాల్ వల్లా, పదేళ్ల వయసు వల్లా అన్నది పుస్తకంలోని అంకెలు చెప్పవు.

అసంతృప్తులు ఉన్నాయి. సీటు కిందికి ఉంటుంది. అమ్మ మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం, తలుపు పట్టుకుని రెండు ఊపులు ఊగితే తప్ప లేవదు. కొనేముందు ఆమెను ఒకసారి కూర్చోబెట్టి చూడాల్సింది. వెనక మధ్యలో కూర్చునేవారికి దేవరకొండ దాకా ఫరవాలేదు, శ్రీశైలం దాకా శిక్ష. నిండు బండితో చెరువుగట్టు కొండ ఎక్కాలంటే ఏసీ ఆపాల్సిందే. కానీ గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్న రకం ఎంచుకున్నందుకు ఏనాడూ చింతించలేదు. 2019 ముందు కార్లలో ఇవి తప్పనిసరి కావు, చౌక రకాల్లో ఉండకపోవచ్చు. ఒకే ఏడాది, ఒకే మోడల్ అని ధర పోల్చేటప్పుడు ఇది చూసుకోవాలి. నార్కట్‌పల్లి దగ్గర వర్షంలో అడ్డొచ్చిన గేదెకు, మాకు మధ్య జానెడు దూరం మిగిల్చింది ఆ ఏబీఎస్సే.

ఈ మధ్య మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. క్లచ్ ప్లేటు అరిగిందని మెకానిక్ అన్నాడు. సంక్రాంతి వరకు ఆగవచ్చా అని అడిగాను. ఆయన రేడియేటర్ వైపు చూసి ఊరుకున్నాడు. సోమవారం పొద్దున బండి ఆయన షెడ్డులో పెడుతున్నాను.