విదేశంలో ఉన్నప్పుడు కాల్ ఫార్వర్డింగ్: ఏ పద్ధతి మేలు?

హైదరాబాదు నుంచి డల్లాస్‌లోని పిల్లల దగ్గరికి కొన్ని నెలలపాటు వెళ్ళే పెద్దవారు బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి సిమ్‌ను అంతర్జాతీయ రోమింగ్‌లో ఉంచుకుని, తమకు వచ్చే కాల్స్‌ను ఊళ్ళో ఉన్న తమ్ముడి నంబరుకో కోడలి నంబరుకో ఫార్వర్డ్ చేసి వెళుతుంటారు. ఆ ఫార్వర్డింగ్‌ను ఏ పద్ధతిలో పెట్టారన్నదాన్ని బట్టి బిల్లు నామమాత్రంగా మిగలవచ్చు, లేదా గుండె గుభేలుమనిపించవచ్చు.

ఫార్వర్డ్ అయిన ప్రతి కాల్‌లోనూ రెండు భాగాలుంటాయి. పిలిచినవారి నుంచి మీ నంబరు వరకు ఉన్న మొదటి భాగానికి డబ్బు పిలిచినవారు కడతారు. మీ నంబరు నుంచి మూడో నంబరుకు సాగే రెండో భాగం మాత్రం, మీరు ఫోను ముట్టుకోకపోయినా, మీరు చేసిన అవుట్‌గోయింగ్ కాల్ కిందే లెక్కకు వస్తుంది. ఆపరేటర్లు ఒకరికొకరు చెల్లించుకునే నిమిషానికి 6 పైసల కాల్ ముగింపు ఛార్జీని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 జనవరి 1 నుంచి సున్నా చేసింది. అపరిమిత కాలింగ్ ప్యాకులు కూడా వాడుకలో ఉండటంతో దేశం లోపల ఈ రెండో భాగం ఖర్చు చాలామంది కంటపడదు. ఫార్వర్డ్ అయిన కాల్స్ మీ ప్యాకులో కలుస్తాయో లేదో మాత్రం నిబంధనల్లో చూసుకోవాలి.

విదేశంలో అసలు ప్రశ్న, కాల్ ఎక్కడి నుంచి మళ్ళుతుందన్నది. "అన్ని కాల్స్" ఫార్వర్డ్ అయ్యేలా పెడితే, విజయవాడ నుంచి వచ్చిన కాల్‌ను మీ సొంత నెట్‌వర్కు ఇక్కడే తమ్ముడి నంబరుకు తిప్పేస్తుంది. కాల్ సముద్రం దాటదు కనుక రోమింగ్ ఛార్జీ పడదు. దేశీయ కాల్ ఖర్చే మీది.

"జవాబివ్వకపోతే" లేదా "బిజీగా ఉంటే" అని పెడితే కథ మారుతుంది. మీరు ఎత్తరని తెలియాలంటే ముందు మీ ఫోను మోగాలి. అది మోగడానికి కాల్ డల్లాస్ దాకా వెళ్ళాలి. మీరు ఎత్తకపోతే అక్కడి నెట్‌వర్కు దాన్ని మళ్ళీ ఇండియాకు పంపాలి. అప్పుడు ఇన్‌కమింగ్ రోమింగ్ ఛార్జీ ఒకటి, అమెరికా నుంచి ఇండియాకు చేసిన కాల్ ఛార్జీ మరొకటి, రెండూ మీ మీదే పడే అవకాశం ఉంటుంది. విజయవాడవారు తమ మామూలు కాల్ ఖర్చే కడతారు, మీకు ఇంత భారమైందని వారికి తెలియను కూడా తెలియదు. వాయిస్‌మెయిల్‌కు మళ్ళించినా దారి ఇదే.

"అందుబాటులో లేకపోతే" అనే మూడో పద్ధతి మధ్యరకం. ఫోను సవ్యంగా స్విచాఫ్ చేసి ఉంటే ఆ సంగతి ముందే తెలుస్తుంది కనుక కాల్ సాధారణంగా ఇక్కడి నుంచే మళ్ళుతుంది. కానీ నేలమాళిగలోకి వెళ్ళి హఠాత్తుగా సిగ్నల్ పోతే, అక్కడి నెట్‌వర్కు మీరింకా ఉన్నారనే కొంతసేపు అనుకుంటుంది. అలాంటప్పుడు కాల్ అక్కడిదాకా వెళ్ళి తిరిగి రావచ్చు. పైగా స్విచాఫ్‌లో ఉన్నంతసేపూ ఓటీపీలూ రావు, ఇక సిమ్ తీసుకెళ్ళిన ప్రయోజనమేమిటి?

అందువల్ల నా ఓటు మొదటి పద్ధతికే. ఎస్ఎంఎస్‌లు కాల్స్‌తోపాటు మళ్ళవు, ఓటీపీలు మీ ఫోనుకే వస్తాయి. "అన్ని కాల్స్" పద్ధతి అమలులో ఉన్నంతకాలం మిగతా షరతులు పనిచేయవు కనుక పాత సెట్టింగులు మిగిలిపోయినా భయం లేదు. లోపమల్లా ఆ నంబరుకు వచ్చే ఏ కాల్ మీరు అందుకోలేకపోవడమే. వాయిస్ కాల్‌లో చెప్పే ఓటీపీ కూడా మళ్ళించిన నంబరుకే పోతుంది కాబట్టి పూర్తిగా నమ్మకస్తులనే ఎంచుకోవాలి. మోసగాళ్ళు ఫార్వర్డింగ్ కోడ్ అయిన *401* తర్వాత తమ నంబరు కొట్టించి కాల్స్‌ను కాజేస్తున్నందునే, 2024 ఏప్రిల్ 15 నుంచి యూఎస్ఎస్‌డీ ద్వారా, అంటే ఇలా కోడ్ డయల్ చేసి పెట్టే ఫార్వర్డింగ్‌ను నిలిపివేయాలని టెలికం శాఖ ఆపరేటర్లను ఆదేశించింది.

ఎవరి కాల్ వస్తుందో చూసుకుని ముఖ్యమైనవి ఎత్తుతాననేవారు ఫార్వర్డింగ్ అసలు పెట్టకపోవడమే చౌక. మోగి ఆగిపోయిన కాల్‌కు సాధారణంగా రోమింగ్ ఛార్జీ ఉండదు. వారు విమానం ఎక్కకముందే ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి షరతులతో కూడిన ఫార్వర్డింగులను, వాయిస్‌మెయిల్ సహా, రద్దు చేసుకోవాలి.