స్టూడియో గదిలో హమ్, వణికే లైట్లు: చాలాకాలం వాడాక తేలినవి

హోమ్ స్టూడియోలో గుయ్‌మని మోత (హమ్) వస్తోందంటే, ఎవర్ని అడిగినా మొదట చెప్పేది పవర్ కండిషనర్ (కరెంటును శుభ్రం చేసి పరికరాలకు ఇస్తుందని చెప్పే పెట్టె) కొనమని. నా రాక్‌లో అది మొదట్నుంచీ ఉంది. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే ఆపుతుంది, నిజమే. హమ్ మీద మాత్రం దాని పనితనం సున్నా. లోపలున్న ఫిల్టర్ చాలా పై ఫ్రీక్వెన్సీల గోలకే గానీ, స్పీకర్లో వినబడే 50, 100 హెర్ట్జ్ మోతకు కాదు. పైగా ఆ మోత చాలాసార్లు ప్లగ్గులోంచి కాక, ఆడియో కేబుళ్లలోంచి వస్తుంది.

అందుకే ఏదైనా కొనే ముందు చెవి పెట్టి వినాలి. బొంగురుగా, ఆగకుండా ఊఁ అంటుంటే ఎక్కువగా గ్రౌండ్ లూపే (పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కు కలవడంతో ఏర్పడే వలయం). మౌస్ కదిపినప్పుడల్లా కీచుమంటే కంప్యూటర్ యూఎస్‌బీ వైపు చూడాలి. జర్ర్‌మని గీరినట్టుంటే లైట్ల వెలుగు తగ్గించే డిమ్మర్.

నన్ను బాగా ఏడిపించింది ఈ మూడోదే. గోడకున్న పాత ట్రయాక్ డిమ్మర్ (కరెంటు వేవ్‌లో కొంత భాగాన్ని కోసి వెలుగు తగ్గించే రకం) నాబ్ సగంలో ఉన్నప్పుడు సింగిల్ కాయిల్ గిటార్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లో ఒకే కాయిల్ ఉండే రకం, చుట్టూ ఉన్న గోలను ఇట్టే పట్టేస్తుంది) పట్టుకోలేనంత గోల. పూర్తిగా పెంచితే దాదాపు మాయం. సగంలో ఉంచినప్పుడు అది వేవ్ శిఖరం దగ్గర కరెంటును టక్కున కలుపుతుంది. ఆ దూకుడే పికప్‌కు అందుతుంది. ఎల్ఈడీలు వణకడానికీ ఈ డిమ్మరే కారణం: ఫిలమెంట్ బల్బుల లోడుకు చేసిన డిమ్మర్‌కు ఎల్ఈడీ లాగే కొద్దిపాటి వాట్లు చాలవు.

డిమ్మర్ తీయించి మామూలు స్విచ్ పెట్టించాను. వెలుగు తగ్గించడానికి కరెంటును నిలకడగా తగ్గించే ఎల్ఈడీ ప్యానెల్ తెచ్చుకున్నాను. వణికే లైట్ల వల్ల వీడియోలో పడే చారలు పోయాయి. పీడబ్ల్యూఎం ప్యానెల్ (లైటును చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గించే రకం) అయితే షట్టర్ వేగం పెంచినప్పుడు చారలు మళ్లీ కనబడొచ్చు. కొనేముందు ఫోన్ స్లోమోషన్‌లో చూడండి. నేను తెచ్చుకున్న ప్యానెల్లోనూ లోపముంది: బాగా తగ్గిస్తే రంగు కాస్త మారుతుంది. దాని అడాప్టర్ కూడా గోల చేసేదే. చిన్న ఏఎం రేడియోను స్టేషన్ లేనిచోట పెట్టి దగ్గరకు తెస్తే బుర్రుమంటుంది. మైక్ కేబుల్‌కు దూరంగా జరిపాక రికార్డింగ్‌లో ఏమీ వినబడలేదు. గదిలో దొంగను పట్టడానికి ఆ రేడియోను మించిన పరికరం నాకు దొరకలేదు.

గ్రౌండ్ లూప్‌కైతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్సు (గిటార్ లాంటి వాటి సిగ్నల్‌ను మైక్ ఇన్‌పుట్‌కు సరిపడేలా మార్చే, విడిగా కరెంటు అక్కర్లేని పెట్టె) వాడాలి. దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ తీగలో గ్రౌండ్‌ను విడగొట్టే) మీట నొక్కగానే హమ్ ఠక్కున ఆగింది, ఇన్నాళ్లయినా తిరిగి రాలేదు. చవకరకంలో ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది, బేస్ గట్టిగా వాయిస్తే బురదగా వినిపిస్తుంది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. యూఎస్‌బీ ఐసోలేటర్ (కంప్యూటర్‌కు, ఆడియో ఇంటర్‌ఫేస్‌కు మధ్య గ్రౌండ్‌ను విడదీసే పరికరం) విషయంలో మాత్రం జాగ్రత్త. చవకవి చాలావరకు 12 ఎంబీపీఎస్ (సెకనుకు 12 మెగాబిట్లు) వేగం దగ్గరే ఆగిపోతాయి, ఎక్కువ ఛానెళ్ల ఇంటర్‌ఫేస్‌ను అవి మోయలేవు. కేబుల్‌కు తగిలించే ఫెరైట్ ముక్కలు రేడియో, ఫోన్ సిగ్నళ్ల గోలకు సాయపడతాయి, హమ్‌కు దండగ.

హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకమని చెప్పేవాళ్లున్నారు. ససేమిరా వద్దు, ప్రాణం మీదకు వస్తుంది. గ్రౌండ్ విడగొట్టాల్సింది సిగ్నల్ తీగలోనే. ఇంకొకటి: ఏదో పెద్ద మోటారు ఆన్ కాగానే లైట్లు తగ్గకుండా ఉన్నట్టుండి ఇంకా ప్రకాశవంతమైతే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులైందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే, స్టూడియో సామాను ఏదీ దానికి మందు కాదు.

ఇంతా చేసినా సింగిల్ కాయిల్‌లో సన్నని మోత మిగిలింది. మానిటర్ వైపు నుంచి గిటార్ మెడను మెల్లగా పక్కకు తిప్పుతుంటే ఒక కోణంలో అదీ దాదాపు చచ్చిపోతుంది. కుర్చీని ఆ కోణంలోనే వేసి రికార్డు చేస్తున్నాను.