డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్: మూడేళ్లుగా పాటల వీడియోలకు వాడాక

తిరుపతిలో సంగీతం, నాట్యం నేర్చుకునే విద్యార్థుల పాటలకు వీడియోలు ఎడిట్ చేయడానికి డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌ను మూడేళ్లుగా వాడుతున్నాను. రంగులు దిద్దడంలో దీనికున్న పేరు చూసి మొదలుపెట్టాను గానీ, పాటకు దృశ్యాన్ని కూర్చే పనిలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చినవి ఇందులోని మార్కర్లు, అంటే పాటలో కావలసిన చోట పెట్టుకునే గుర్తులు.

ముందు పాటను టైమ్‌లైన్‌లో పెట్టి, వేవ్‌ఫామ్ (ధ్వని హెచ్చుతగ్గుల గీత) స్పష్టంగా కనిపించేలా ట్రాక్ ఎత్తు పెంచుకుని, ఒక్క షాటు కూడా చేర్చకముందే పాటంతా వింటూ ప్రతి సమం (తాళం చుట్టు మొదలయ్యే చోటు) దగ్గరా ఎమ్ మీట నొక్కి మార్కర్ పెడతాను. ఆది తాళంలో ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) ఎనిమిది అక్షరాలు (తాళపు లెక్కలు) కదా. నిమిషానికి 75 అక్షరాల వేగంతో సాగే పాటను సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పెడితే అక్షరానికి సరిగ్గా 20 ఫ్రేములు, ఆవర్తనానికి 160 ఫ్రేములు వస్తాయి. అక్షరాన్ని నాలుగు మాత్రలుగా విడగొట్టే చతురశ్ర గతిలో ఒక్కో మాత్రకు 5 ఫ్రేములు. అయితే ఈ లెక్క మెట్రోనోమ్ పెట్టుకుని రికార్డు చేసిన పాటకే నిలుస్తుంది. మృదంగం పక్కన కూర్చుని పాడినప్పుడు చరణానికి వచ్చేసరికి కాలం కొద్దిగా జరుగుతుంది కాబట్టి, అక్కడ లెక్క వదిలేసి చెవినే నమ్ముకోవాలి.

మార్కర్ ఉన్న ప్రతిచోటా కత్తిరించాలని కాదు. అక్షరానికో షాటు మారిస్తే పల్లవి రెండోసారి వచ్చేసరికే కన్ను అలసిపోతుంది. చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఇసుకలో తీసిన ఒక నాట్యం వీడియోలో, తీర్మానం (నాట్యంలో ముక్తాయింపు అడుగుల వరుస) చివరి దెబ్బ మీదే షాటు మార్చాను. లెక్క ప్రకారం అది సరైన ఫ్రేమే అయినా, చూస్తే ఆలస్యంగా పడినట్టు తోచింది. కామా మీటతో కోతను ఒక్కో ఫ్రేమే వెనక్కి జరుపుతూ వెళ్లి, పాదం ఇంకా గాలిలో ఉండగానే షాటు మారి, దగ్గరి కోణంలో గజ్జెల పాదం ఇసుకను తాకడం దెబ్బతో కలిసేటట్టు చేశాను. మూడు ఫ్రేముల తేడాతో ఆ ముక్తాయింపుకు ప్రాణం వచ్చింది.

స్పీకరులో పాట వినిపిస్తూ తీసిన షాట్లను ధ్వని ఆధారంగా అసలు పాటతో కలిపే సదుపాయం బాగా పనిచేస్తుంది. నది ఒడ్డున గాలి హోరు ఎక్కువైన చోట మాత్రం చేత్తో కలుపుకోవలసి వచ్చింది. మొదటి ఏడాది నేను చేసిన పెద్ద పొరపాటు, ఫోన్‌తో తీసిన దృశ్యాలను అలాగే వాడడం. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచవు కాబట్టి, మొదట్లో కుదిరిన పెదవుల కదలిక పాట చివరికి వచ్చేసరికి తప్పిపోయింది. ఇప్పుడు ముందుగానే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుంటున్నాను. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటును కూడా పని మొదలుపెట్టకముందే నిర్ణయించుకోవాలి, తర్వాత మార్చడానికి వీలుండదు.

8 జీబీ ర్యామ్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు) చేసుకోనిదే పని సాగదు. 3840×2160 వరకు పూర్తయిన వీడియోను ఎగుమతి చేసుకోవడానికి ఉచిత వెర్షన్ చాలు. చీకట్లో తీసిన షాట్లలోని గరుకును తగ్గించే నాయిస్ రిడక్షన్ మాత్రం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. అందుకే దీపాల షాట్లను ఆకాశంలో ఇంకా కాస్త వెలుగు ఉండగానే తీయమని పిల్లలకు చెబుతున్నాను.