చంద్రగిరి రాజమహల్‌లో ఒక పూట

మా నాన్నగారు చిన్నతనంలో చంద్రగిరి కోటలో ఏదో జానపద సినిమా షూటింగు చూశారట. వెనక రాళ్లతో కట్టిన నిజమైన మహల్ ఉంటే, దాని ముందు అట్ట సింహాసనం వేసి రాజును కూర్చోబెట్టారని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ చోటు చూడాలని మా అక్క కూతురు పట్టుబట్టడంతో, తిరుమల దర్శనం అయిన మర్నాడు బయలుదేరాం.

ముందు బస సంగతి చెప్పాలి. తిరుపతి బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. తెల్లవారుజామున ఐదుకే వేడినీళ్లు వస్తాయన్నారు. వచ్చేసరికి ఎనిమిదైంది. పసిపిల్లలున్నవాళ్లు గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూసుకోవడం మంచిది. వీలైతే దేవస్థానం వారి శ్రీనివాసం, విష్ణునివాసం వసతి గృహాలకు ముందుగా ప్రయత్నించండి. ఒకటి బస్టాండుకు, మరొకటి రైల్వే స్టేషనుకు ఎదురుగానే ఉన్నాయి.

తిరుపతి నుంచి చంద్రగిరి 15 కిలోమీటర్లలోపే. బస్సులో వెళ్లి, ఊళ్లో దిగి ఆటో ఎక్కాం. రాజమహల్ మూడంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. అది తెలిశాక మా పాప ప్రతి గదిలోనూ తల పైకెత్తి దూలం కోసం వెతికింది. ఎక్కడ చూసినా కమానులే.

లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. గుడిమల్లం, గండికోట, యాగంటి వంటి చోట్ల నుంచి తెచ్చిన శిల్పాలు చూడవచ్చు. నన్ను కదలనివ్వనిది మాత్రం శ్రీకృష్ణదేవరాయల విగ్రహం. అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. నెత్తిన పొడవాటి కుళ్లాయి, జోడించిన చేతులు. తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే ఉన్న విగ్రహాలకు ఇవి ప్రతిరూపాలు. అక్కడ క్యూలో వెనకనుంచి తోసుకొచ్చే జనంలో ఆయన ముఖం చూసే వ్యవధే దొరకదు. ముందు రోజు నేనూ చూడకుండానే దాటిపోయాను. ఇక్కడ పావుగంట నిలబడ్డాను. అంతటి చక్రవర్తి ఆ వేళ్లను ఎంత ఒద్దికగా కలిపాడో అప్పుడు కనిపించింది. 1513లో ఆయన తొలిసారి తిరుమలకు వచ్చారు. చంద్రగిరి వైపు నుంచి కొండెక్కే శ్రీవారి మెట్టు దారికీ రాయల పేరు చెబుతారు. ఆ దారిలో 2,388 మెట్లు.

ఈ కోటకు అంతకుముందే గొప్ప చరిత్ర ఉంది. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అప్పటిదాకా ఏలింది ఇక్కడినుంచే. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిన తర్వాత రాజధాని పెనుకొండకు, ఆపైన చంద్రగిరికే చేరింది. పక్కనే ఉన్న రాణీమహల్‌ను బయటినుంచి చూసి వచ్చేశాం.

వెళ్లేవారికి ఒక మాట: శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఉదయాన్నే వెళితే ఎండ ముదరకముందే కోట ఆవరణలో తిరగవచ్చు. దారిలో శ్రీనివాస మంగాపురం ఆలయం కూడా కలుస్తుంది. రెండింటికీ ఒక పూట కేటాయించండి, గంటలో ముగించాలని చూడకండి.

ఇంటికొచ్చాక నాన్నగారికి ఫోటోలు చూపించాం. రాజమహల్ ముందున్న పచ్చిక మీద వేలు పెట్టి, "సింహాసనం ఇక్కడే వేశారమ్మా" అన్నారు పాపతో.