బీటిల్ ఇంజన్‌కి రోలర్ ట్యాపెట్ కిట్: ఎవరికి పనికొస్తుంది, ఏం చూసి కొనాలి

ముందు తీర్పు చెప్పేస్తాం. 85.5 మి.మీ. బోరు (సిలిండర్ వ్యాసం), 69 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న మామూలు 1584 సీసీ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌కి రోలర్ ట్యాపెట్లు అక్కర్లేదు. ట్యాపెట్ అంటే తిరిగే క్యామ్‌షాఫ్టు మీద ఆని, దాని కదలికను వాల్వు వైపు పంపే భాగం; క్యామ్ మీద ఆనే చోట చదును పాదం ఉంటే ఫ్లాట్, చిన్న చక్రం ఉంటే రోలర్. మంచి ఫ్లాట్ ట్యాపెట్లు, సరైన ఆయిల్ ఉంటే చాలు. రెండు లీటర్లు దాటిన ఇంజన్‌లో ఎక్కువ లిఫ్టున్న, అంటే వాల్వును ఎక్కువ ఎత్తు లేపే క్యామ్ వేసి, దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పేవాళ్లకి మాత్రం రోలర్లు నిజంగా పనికొస్తాయి. వాళ్లయినా క్యామ్‌షాఫ్టు, ట్యాపెట్లు, కేసులో (ఇంజన్ బయటి పెట్టెలో) దిగే బుష్‌లు (ట్యాపెట్ జారే లోహపు గొట్టాలు) మూడూ ఒకే తయారీదారు దగ్గర, ఒకే డ్రాయింగ్ ప్రకారం చేసినవి కొనాలి. ట్యాపెట్లు ఒకచోట, క్యామ్ ఇంకోచోట కొని కలుపుకుంటే డబ్బు పోతుంది, కేసు కూడా పోతుంది.

ఈ ఇంజన్‌కే ఈ బాధ ఎందుకంటే, దీని క్యామ్‌కి ఉన్నవి నాలుగే లోబ్‌లు (ట్యాపెట్‌ని ఎత్తే ఉబ్బులు). ట్యాపెట్లు ఎనిమిది. ఎదురెదురు వైపుల ట్యాపెట్లు రెండూ ఒకే లోబ్ మీద నడుస్తాయి కాబట్టి ఒక్కో లోబ్ మీద రాపిడి రెట్టింపు పడుతుంది. ఫ్లాట్ ట్యాపెట్ బతకాలంటే తన చుట్టూ తాను తిరుగుతూ ఉండాలి. దానికోసమే లోబ్‌కి కొద్దిపాటి వాలు, ట్యాపెట్ పాదానికి కంటికి కనపడనంత ఉబ్బు ఇస్తారు. రెండు ట్యాపెట్లను పాదానికి పాదం ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల దగ్గర సన్నటి గీతలా వెలుగు కనపడాలి. కనపడకపోతే ఆ సెట్టు వెనక్కి పంపేయండి. తిరగడం ఆగిన ట్యాపెట్ తన లోబ్‌ని త్వరలోనే నున్నగా అరగదీసేస్తుంది.

ఫ్లాట్ ట్యాపెట్‌కి ఇంకో హద్దు జ్యామితి నుంచి వస్తుంది. లోబ్ వాల్వును ఎంత వేగంగా ఎత్తగలదన్నది పాదం వ్యాసార్థం మీద ఆధారపడుతుంది. పాదం వ్యాసం 28 మి.మీ. అయితే వ్యాసార్థం 14. అంటే క్యామ్ ఒక డిగ్రీ తిరిగేసరికి ట్యాపెట్ 0.244 మి.మీ. కన్నా ఎక్కువ లేవకూడదు. లేస్తే లోబ్ పాదం అంచును గీరుతుంది. రోలర్‌కి ఈ అడ్డు లేదు. వాల్వు త్వరగా తెరుచుకుని, ఎక్కువసేపు పూర్తిగా తెరిచి ఉండి, త్వరగా మూసుకుంటుంది. కొన్నదానికి అసలు ఫలితం ఇదే. రాపిడి తగ్గడం, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు 2000–2500 ఆర్‌పీఎమ్ దగ్గర 20 నిమిషాలు నడిపే తంతు తప్పడం ఆ తర్వాతి లాభాలు.

ఇక కిట్ల సంగతి. రోలర్ ట్యాపెట్ తిరగకూడదు. చక్రం అడ్డం తిరిగిన క్షణమే లోబ్ చీరుకుపోతుంది. దాన్ని ఆపడానికి మార్కెట్లో రెండు పద్ధతులున్నాయి. పక్కపక్క ట్యాపెట్లను ఒక పట్టీతో కలిపేది ఒకటి. ఈ కేసులో ఆ పట్టీ ఆడటానికి చోటు బహు తక్కువ, లోపలి గోడలను కొంత చెక్కాలి, పైగా పట్టీ రివెట్లు అరిగితే ముక్కలు నేరుగా సంపులోకి, అంటే అడుగున ఆయిల్ నిలిచే చోటికి రాలతాయి. రెండోది, కేసులో కంచు బుష్ దింపి, దాని గాడిలో ట్యాపెట్ మీది కీ జారేలా చేసేది. లేత్ పని ఎక్కువైనా మా ఓటు దీనికే. ఎలాగూ పాత మెగ్నీషియం కేసుల్లో ట్యాపెట్ బోర్లు (ట్యాపెట్లు దిగే రంధ్రాలు) అరిగే ఉంటాయి. కొత్తలో బోరు 19.00–19.02, ట్యాపెట్ 18.96–18.98 మి.మీ. బోరు 19.05 దాటితే ఆ కేసుకి బుష్ ఎలాగూ కావాలి.

పని చెడేది కూడా ఈ బుష్‌ల దగ్గరే. వేడెక్కినప్పుడు మెగ్నీషియం కంచు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. 22 మి.మీ. బయటి వ్యాసం ఉన్న బుష్‌కి, ఇంజన్ 80 డిగ్రీలు వేడెక్కితే, బిగువులో (రంధ్రం కన్నా బుష్ ఎంత పెద్దదో ఆ తేడాలో) దాదాపు 0.014 మి.మీ. పోతుంది. చల్లగా ఉన్నప్పుడు 0.01 బిగువుతో దింపిన బుష్ హైవే ఎక్కాక వదులవుతుంది, గాడితో సహా తిరిగిపోతుంది. 0.03–0.04 బిగువు అడగండి. బుష్ దిగాక లోపలి వ్యాసం కాస్త ముడుచుకుంటుంది కాబట్టి హోనింగ్ (లోపలి గోడను కొలతకి నున్నగా అరగదీయడం) ఆ తర్వాతే చేయాలి. బుష్ పక్కనున్న ఆయిల్ రంధ్రం కేసులోని గ్యాలరీకి (ఆయిల్ దారికి) సరిగ్గా ఎదురుగా పడిందో లేదో సన్నని తీగ దూర్చి చూడాలి. గాడి దిశను క్యామ్ బేరింగ్ బోర్లను ఆధారంగా పెట్టుకునే కొలవాలి. కేసు బయటి అంచు నుంచి కొలిస్తే చక్రం లోబ్ మీద ఒరిగి నడుస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఈ పని చేయించేవాళ్లు బోర్ గేజ్ (రంధ్రం వ్యాసం కొలిచే సాధనం) రీడింగ్ ఎనిమిదింటికీ కాగితం మీద రాయించుకోండి.

క్యామ్ విషయంలో రాజీ వద్దు. ఫ్లాట్ ట్యాపెట్ల కోసం చేసిన పోత ఇనుప క్యామ్ రోలర్ కింద నిలవదు. సన్నటి చక్రం గీతలా ఆనుతుంది, ఒత్తిడంతా ఆ గీత మీదే. 8620 గ్రేడు లాంటి కేస్ హార్డెనింగ్ (పైపొర గట్టిపరిచే) ఉక్కుతో, పైపొర 58–62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కొలత) గట్టిదనంతో చేసిన క్యామ్ కావాలి. చక్రానికి మన దగ్గర ఈఎన్31 అని పిలిచే బేరింగ్ ఉక్కు సరిపోతుంది. హార్డ్‌నెస్ రిపోర్టు ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకండి. ఇందులో ఒక వెసులుబాటు ఉంది: ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ గేర్ క్రాంక్ మీద నుంచి నడుస్తుంది. అందుకని ఉక్కు క్యామ్ వేసినా డిస్ట్రిబ్యూటర్ గేర్ మార్చక్కర్లేదు.

కొందరు అమెరికన్ వీ8 ఇంజన్ల 0.842 అంగుళాల, అంటే 21.4 మి.మీ. రోలర్ ట్యాపెట్లను తెచ్చి ఇందులో ఇరికించే ఆలోచన చేస్తారు. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతాయి. 19 మి.మీ. బోరును అంత పెద్దది చేస్తే, దాని మీద బుష్ కూడా దింపితే, మెగ్నీషియం గోడలో మిగిలేది చాలా తక్కువ. వద్దనే చెబుతాం. షెవ్రొలే కోర్వేర్ కారు ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. వాళ్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌కి మొదటి నుంచీ ట్యాపెట్ వ్యాసం 0.842 అంగుళాలే కాబట్టి ఈ దారి వాళ్లకి సహజం. వాళ్లు చూసుకోవాల్సింది ఆయిల్ గాడి. ట్యాపెట్ పూర్తిగా లేచినప్పుడూ పూర్తిగా దిగినప్పుడూ ఆ గాడి బోరు లోపలే ఉండాలి. బయటికొస్తే ఆయిల్ ప్రెషర్ అక్కడే కారిపోతుంది.

బీటిల్‌కి తిరిగొస్తే, బిగించే ముందు ఇంజన్‌ని ఒకసారి తాత్కాలికంగా కూర్చి తిప్పి చూడటం తప్పనిసరి. లోబ్‌లకి బ్లూ (తాకిన చోటు చూపే నీలి రంగు) పూసి తిప్పితే చక్రం గుర్తు లోబ్ వెడల్పు లోపలే పడాలి. 78 లేదా 82 మి.మీ. స్ట్రోకు క్రాంక్ ఉంటే కనెక్టింగ్ రాడ్‌కీ లోబ్‌కీ మధ్య కనీసం 1 మి.మీ. ఖాళీ ఉండాలి. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఇన్‌టేక్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. చూసుకోండి. పాత పుష్ రాడ్‌లు (ట్యాపెట్ కదలికను వాల్వును నొక్కే రాకర్‌కి చేర్చే కడ్డీలు) సరిపోవు, రోలర్ ట్యాపెట్ కప్పు ఎత్తు వేరు. సర్దుబాటు చేసే పుష్ రాడ్ పెట్టి, వాల్వు సగం లేచినప్పుడు రాకర్ స్క్రూ వాల్వు కాండానికి వరసలో వచ్చే పొడవు పట్టుకుని, దాని ప్రకారం ఎనిమిదీ కోయించాలి. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) పుష్ రాడ్‌లైతే చల్లగా ఉన్నప్పుడు రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ దాదాపు సున్నా పెట్టాలి, ఎందుకంటే ఇంజన్ వేడెక్కే కొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది. పాత అల్యూమినియం రాడ్‌లకి చెప్పే 0.15 మి.మీ. ఇక్కడ పెడితే టకటక తప్పదు.

ఆయిల్ ఫిల్టర్ లేకుండా రోలర్లు వేయకండి. బీటిల్‌కి కంపెనీ ఇచ్చింది సంపులో జల్లెడ మాత్రమే. రోలర్ చక్రం లోపలి సూది బేరింగ్ నుంచి లేచే సన్నటి ఉక్కు పొడిని అది ఆపలేదు. మెక్సికోలో చివరిదాకా చేసిన 1600ఐలో, అంటే హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజన్‌లో, ఫోక్స్‌వ్యాగనే ఫిల్టర్ పెట్టింది. పాత కేసుకైతే పంపు మూత నుంచి ఆయిల్ బయటికి తీసి, ఫిల్టర్ గుండా పంపి, మెయిన్ గ్యాలరీకి మర తీసి అక్కడ లోపలికి పంపాలి. పంపు పాత దారిని ప్లగ్గుతో మూయడం మరవకండి. రెండున్నర లీటర్ల ఆయిలే ఉన్న ఇంజన్ ఇది. ఐడిల్‌లో సూది బేరింగుల మీద పడే చినుకులు తక్కువ, అందుకే గంటల తరబడి ఐడిల్‌లో వదిలేసే కారుకి రోలర్లు సరిపడవు.

మొదటి 500 కిలోమీటర్లకి ట్యాపెట్ క్లియరెన్సులు మళ్లీ చూసి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. ఏడు వాల్వుల ఖాళీ మారక ఒక్కదాని ఖాళీ మాత్రమే పెరిగి ఉంటే ఆ చక్రం పిన్ను అరుగుతున్నట్టే. ఫిల్టర్‌లో అయస్కాంతానికి అంటుకునే మెరుపు కూడా కనపడితే ఇంజన్ దించి కేసు విప్పాల్సిందే.